పదమూడో నంబరు గదిలో దగ్గు

మూర్తి సారు అర పేజీ చాలన్నారు. "మీరు నోటితో చెప్పారు, నేను విన్నాను రత్నమ్మగారూ. కానీ ట్రస్టువాళ్ళ ముందు పెట్టాలంటే కాగితం మీద ఉండాలి. జరిగింది జరిగినట్టు అర పేజీ రాసివ్వండి" అని ఒక తెల్ల కాగితమూ, తన జేబులోని పెన్నూ నా చేతికిచ్చారు. ఆ కాగితం రెండు వైపులా నిండిపోయి నాలుగు రోజులైంది. తర్వాత కింద కొట్లో పొడుగు నోటుబుక్కు కొనుక్కున్నాను. పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, రాయడం రాక కాదు. ఎక్కడ మొదలుపెట్టినా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే ఉంటోంది. అందుకని మొదటినుంచీ రాస్తున్నాను. అర పేజీ ఆఖర్న రాస్తాను.

మూర్తి సారు మా అపార్ట్‌మెంటు మేనేజరు. హిందూపురంలో రైల్వే స్టేషనుకు కాస్త అవతల మూడంతస్తుల మేడ మాది. ఎవరో పట్టు వ్యాపారి వాళ్ళమ్మ పేరుమీద ట్రస్టు పెట్టి, అరవై దాటి ఒంటరిగా ఉండేవాళ్ళకు తక్కువ అద్దెకు ఇవ్వమని కట్టించాడట. ఇరవై నాలుగు గదులు. ఒక్కొక్క గదిలోనే ఒక మూల వంటగట్టు, ఇంకో మూల బాత్రూము, వీధి వైపు ఒక కిటికీ. బయట గోడ మీద మంచి పేరే రాసి ఉంది గానీ, 'ముసలోళ్ళ అపార్ట్‌మెంటు' అంటేనే ఆటోవాళ్ళకు తెలుస్తుంది. నాది రెండో అంతస్తులో పదమూడో నంబరు.

గది తీసుకునేటప్పుడు చదివి సంతకం పెట్టాల్సిన కాగితం ఒకటి ఉంటుంది. ఎవరి పని వాళ్ళు చేసుకోగలగాలి. ప్రతి జనవరిలో మళ్ళీ సంతకం పెట్టి ఇంకో ఏడాదికి పొడిగించుకోవాలి. అంటురోగం ఏదైనా ఉంటే వెంటనే చెప్పాలి, దాచినట్టు తేలితే గది ఖాళీ చెయ్యాలి. అందరం చదివాం, అందరం సంతకం పెట్టాం.

ఆ గది నాకు ఏమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ధర్మవరంలో నేనెప్పుడూ మగ్గాల మధ్యే బతికాను. పుట్టింట్లో మగ్గం, అత్తింట్లో మగ్గం, ఆయన పోయాక మా అమ్మాయి పద్మ ఇంట్లో రెండు మగ్గాలు. నేలంతా వాటిదే. నేను పడుకునే చాప పొద్దున చుడితే తప్ప మా అల్లుడు కాళ్ళు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. అతను చెడ్డవాడని కాదు, ఇల్లు అంతే. ఒకరోజు జ్వరంగా ఉండి లేవడం ఆలస్యమైతే, నా చాప పక్కన నిలబడి గోడ గడియారం వైపు చూశాడు. ఆ చూపు పట్టుకుని ఇంత రాద్ధాంతం చేసి హిందూపురం వచ్చేశాను. ఈ గదిలో మొదటిరోజు లోపల గడియ పెట్టుకుని నేల మధ్యలో కూర్చుని టీ తాగాను. అరవై నాలుగేళ్ళకు నా తలుపుకు నేను గడియ పెట్టుకోవడం అదే మొదటిసారి. ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది.

పక్కన పద్నాలుగో నంబరు ఓబులమ్మది. పెనుకొండ వైపు మెట్ట పల్లె. పెళ్ళికి ముందు, తర్వాత కూడా గొర్రెల వెంట తిరిగిన మనిషి. కొడుకు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీకి పనికి పోతాడు, పెనుకొండలో అద్దెకు ఉంటాడు. ఆ రెండు గదుల ఇంట్లో కోడలితో తగువు లేకపోయినా ఇరుకు పడలేక ఇక్కడికి వచ్చింది. నాకంటే మూడేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. షుగరు మాత్రలు మింగుతూనే టీలో రెండు చెంచాల చక్కెర వేసుకునే రకం. ఆమె గది తలుపు పగలంతా బార్లా తెరిచే ఉండేది. "గాలి రాకుంటే నాకు ఊపిరాడదక్కా. గొర్రెలోళ్ళం, మాకు గోడలంటేనే గిట్టదు" అనేది.

అలాంటి మనిషిని పట్టుకొచ్చి నా గదిలో కిటికీ మూసి కూర్చోబెట్టింది నేనే. ఊళ్ళో చీరల కొట్టాయన ఒకరు ధర్మవరం చీరలకు కొంగు అంచున కుచ్చులు వేయించేవాడు. మగ్గం దించిన చీరకు కొంగు దగ్గర పోగులు విడివిడిగా వేలాడుతుంటాయి. వాటిని చిన్న చిన్న పాయలుగా తీసి ముడులు వేయాలి. నాకది చిన్నప్పటి పని. ఓబులమ్మకు నేర్పించాను. ఒక్క చీర ఇద్దరి మోకాళ్ళ మీద పరుచుకుని, తలలు ఆనించినంత దగ్గరగా వంగి, చెరో కొస నుంచీ వేసుకుంటూ వచ్చేవాళ్ళం. ఫ్యాను ఆపేయాలి, కిటికీ మూయాలి, తలుపు కూడా దగ్గరికి వేయాలి. గాలి తగిలితే పోగులు చెదిరి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. పట్టుకీ గాలికీ పడదు, ఇది మా ధర్మవరంలో పసిపిల్లలకు కూడా తెలుసు. "ఒక్క వేలంత తెరువక్కా" అని ఓబులమ్మ అడిగేది. నేను ఒప్పుకునేదాన్ని కాదు. పనిలో నేను మహా కచ్చితం.

దీపావళి దాటాక దగ్గు మొదలైంది. హిందూపురం చలి తెలిసిందే కదా, పడిశం అనుకున్నాను. మందుల షాపులో తియ్యటి మందు సీసా తెచ్చుకున్నాను. అది అయిపోయింది, ఇంకోటి తెచ్చుకున్నాను. డిసెంబరు వచ్చేసరికి సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. మా పద్మ ఫోన్లో "గొంతేంది మా అట్ల ఉండాది?" అంటే "నీళ్ళు మారినాయి లే" అన్నాను. ఇక్కడికొచ్చిన మూడేళ్ళ తర్వాత నీళ్ళు మారాయట.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా అత్తగారు క్షయతోనే పోయింది. ఆ పేరు ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు గానీ, ఆమెకు చాకిరీ చేసింది నేను. సాయంత్రపు వేడి, నిద్రలో చెమట, అన్నం చూస్తే మొహం తిప్పుకోవడం, అన్నీ నా కళ్ళతో చూశాను. డిసెంబరు నెల మధ్యలో ఒక పొద్దున వంటగట్టు దగ్గర దగ్గితే తెల్లటి తొట్టిలో ఎర్రగా ఒక చుక్క పడింది. కుళాయి తిప్పి కడిగేశాను. తెలియక అశ్రద్ధ చేసిందని ఆ తర్వాత నాకోసం చాలామంది జాలిపడ్డారు. నాకు ఆ క్షణమే తెలుసు.

తెలిసి ఏం చేశానంటే లెక్క వేసుకున్నాను. జనవరి రెండో వారంలో సంతకాలు. ఇప్పుడు ఆసుపత్రికి పోతే కార్డు మీద రాస్తారు, మూర్తి సారుకు చెప్పాలి, సంతకం పెట్టనిస్తారో లేదో. సంతకం అయ్యాక పోతే ఏడాది దాకా గది నాదే, అప్పుడే వచ్చిన జబ్బు అని చెప్పుకోవచ్చు. మూడు నాలుగు వారాలే కదా అనుకున్నాను. ఓబులమ్మను పనికి రావద్దని అనవచ్చు. అంటే ఎందుకని అడుగుతుంది. పైగా మాఘమాసం ముహూర్తాలకు కొట్టాయన సంచీడు చీరలు పంపాడు. పొద్దున ఇద్దరం కూర్చునేవాళ్ళం. నేనే లేచి కిటికీ మూసేదాన్ని.

జనవరిలో మూర్తి సారు రిజిస్టరు చంకలో పెట్టుకుని గది గదికీ వచ్చారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కిందికి దిగక్కర్లేదని ఆయనే పైకొస్తారు, ఆ మంచితనం ఉంది ఆయనలో. మేమిద్దరం ముదురు ఆకుపచ్చ చీర ఒకటి పరుచుకుని ఉన్నాం. నాకు దగ్గు తెర వచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. తలుపు తట్టిన చప్పుడు అయ్యేసరికి ఎవరికో పెళ్ళికి పోయే ఆ చీర కొంగే నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఓబులమ్మ లేచి తలుపు తీసింది.

"లోపల గట్టిగా దగ్గు వినిపించింది. ఎవరిది?" అన్నారు మూర్తి సారు. ఆయన నన్ను చూశారు. నేను తల వంచుకుని పోగు వెతుకుతున్నాను.

"నాదే సార్ ఆ దగ్గు" అంది ఓబులమ్మ. "చలికాలం గదా. నాకు ఏటా వస్తాది."

"షుగరు మనిషివి, చూపించుకో. అశ్రద్ధ చెయ్యకు" అన్నారాయన. నాతో సంతకం పెట్టించుకుని పైఅంతస్తుకు వెళ్ళిపోయారు.

ఆయన మెట్లెక్కిన చప్పుడు పోయాక ఓబులమ్మ నాకు నీళ్ళ చెంబు అందించింది. "ఊరకుండక్కా. పోయిన వారమే కింద ఆఫీసులో నా సంతకం అయిపాయ, నాకేం భయం? నీది గదా ఈ పొద్దు కావాల్సింది" అంది. మళ్ళీ కూర్చుని తన కొస ముడి వేసుకుంది. నేను థాంక్స్ చెప్పలేదు. కళ్ళు తుడుచుకుంటే దగ్గు వల్ల అనుకుంది.

సంతకం అయిన మర్నాడే ఆసుపత్రికి పోయి ఉంటే ఈ నోటుబుక్కు ఇక్కడితో ఆపేదాన్నేమో. చీరలు అయిపోనీ అనుకుని ఇంకో మూడు వారాలు ఆగాను. ఫిబ్రవరిలో మెట్ల మీద కూలబడితే అప్పుడు ఓబులమ్మే ఆటో పిలిచి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ ఎదురుచూడటమే ఒక జబ్బు. బెంచీ మీద కూర్చున్న అందరి చేతుల్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలు. కఫం పట్టివ్వమంటారు. ఎవరికి వాళ్ళు చెట్టు చాటుకు పోయి వచ్చి, డబ్బాను ఏదో దొంగసొమ్ములాగా కొంగు కిందో తువ్వాలు కిందో దాచుకుని కూర్చుంటారు. నా పక్కన ఆమడగూరు నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు, చెంపలు లోపలికి పోయి. ఓబులమ్మ టీకి పోయినప్పుడు ఆయన సంచిలోంచి వేయించిన చెనిక్కాయలు తీసి నా చేతిలో పోశాడు.

"మొదుటిసారా మ్మా?" అన్నాడు.

"ఊ."

"నాకు రెండోసారి. మొదుటిసారి మూడు నెల్లు మింగితిని. ఒళ్ళు బాగయ్యే, ఆకలి పుట్టె. ఇంగేల అని ఇడిస్తిని. ఈ తూరి ఆ మాత్తర్లు పని జేయవంట, వేరేవి ఇస్తారంట. మాన్నాకు మ్మా. బాగైనట్ల అనిపిస్తాదే, అప్పుడే మన్ని మోసం జేస్తాది ఇది" అన్నాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఆరు నెలలూ ఒక్క పూట మాత్ర మానకుండా మింగానంటే డాక్టరు చెప్పినందుకు కాదు, ఆయన చెప్పినందుకే.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా పద్మ కంటే చిన్నది. జబ్బు పేరు చెప్పి, ఆరు నెలల్లో నయమవుతుందని చెప్పి, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగింది. ఒక్కదాన్నే అన్నాను. "గదికి కిటికీ ఉందా?" అంది. ఉందన్నాను. "ఎప్పుడూ తెరిచే పెట్టమ్మా. మూసిన గదిలో పక్కన కూర్చున్నవాళ్ళకే ఇది తొందరగా అంటుకునేది. గాలి ఆడితే సగం భయం పోయినట్టే" అంది. తలుపు అవతల ఓబులమ్మ నా చెప్పులు కాపలా కాస్తూ నిలబడి ఉంది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిందేదీ వినపడలేదు.

ఆ సాయంత్రమే మూర్తి సారుకు కార్డు చూపించాను. ఆయన డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడారు. కొన్ని వారాలు మందు పడితే ఇతరులకు అంటుకునే భయం ఉండదని ఆమె చెప్పిందట. "మాస్కు పెట్టుకుని గదిలోనే ఉండండి, ఫరవాలేదు. తెలిసిన రోజే వచ్చి చెప్పారు చూడండి, అందరూ మీలాగే ఉంటే ఎంత బాగుంటుంది" అన్నారు. ఆ మెప్పును నోరు మూసుకుని తీసుకున్నాను. ఆయన ఇంకాస్త ఆలోచించి, "అయితే జనవరిలో ఓబులమ్మ దగ్గింది కదా..." అన్నారు. నేను నేల వైపు చూశాను. ఆయనకు కావాల్సిన జవాబు దొరికింది.

పక్కవాళ్ళకు పరీక్ష చేయాలని ఆరోగ్య కార్యకర్త వస్తే ఓబులమ్మ తప్పించుకుంది. "నాకేం కాలేదు పోమ్మా, దగ్గు ఎప్పుడో పాయ" అని నవ్వి పంపేసింది. ఆమెకూ గది అంటే భయమే మరి. పోయి చూపించుకోమని నేను రెండుసార్లు చెప్పాను. మూడోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది, జుట్టు పట్టుకుని లాక్కుపోయి ఉండాల్సింది.

మార్చి, ఏప్రిల్ నెలలు నాకు సరిగా గుర్తులేవు. మాత్రలు మింగగానే కడుపులో తిప్పేది. మూత్రం ఎర్రగా వస్తే మొదట జడుసుకున్నాను, మందు రంగే అని తర్వాత తెలిసింది. వరండాలో నా తలుపు ముందు నుంచి నడిచేవాళ్ళు ఊపిరి బిగబట్టి నడిచేవాళ్ళు. అడుగుల వేగంలోనే తెలిసేది. ఉగాదికి ఏటా పచ్చడి గిన్నెలు గది గదికీ తిరుగుతాయి, ఈసారి నా దగ్గరికి రాలేదు. పద్మ క్యారియరు తీసుకుని వచ్చి గడప అవతలే నిలబడింది. "ఇంట్లో సిన్నపిల్లోళ్ళు ఉండారు గదా మా, ఏమీ అనుకోవద్దు" అని ఏడ్చింది. ఏమీ అనుకోలేదన్నాను. అనుకున్నాను. తను వెళ్ళాక ఆ క్యారియరు రెండు గంటలు ముట్టుకోలేదు. లోపలికి వచ్చి ఉంటే కోప్పడి బయటికి పంపేదాన్ని, అయినా అడుగు పెట్టలేదని బాధ. మనసుకు నీతి ఉండదు.

రోజూ తప్పకుండా వచ్చింది ఓబులమ్మే. రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి, చారు పట్టుకుని లోపలికే వచ్చేది. వద్దంటే వినేది కాదు. "గొర్రెకు గాలికుంటు జబ్బొచ్చినా పక్కనే పండుకున్యా నేను, నువ్వెంత" అనేది. వచ్చీ రాగానే ఆమె చేసే మొదటి పని కిటికీ రెండు రెక్కలూ తెరవడం. ఇప్పుడు నేను కాదనలేదు. చీరల పని పోయింది కదా.

మేలో నాకు ఆకలి తిరిగి వచ్చింది. ఒక చపాతీ ఎక్కువ తిన్న రోజునే గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. ఎవరిదో అని చెవి ఒగ్గాను. నా దగ్గులాగే ఉంది. వారం తిరక్కుండా ఓబులమ్మ మంచం పట్టింది. ఆసుపత్రిలో తేల్చారు. నాకంటే ముదిరిందన్నారు, షుగరు వల్ల.

ఆ మర్నాడు ఆమె కొడుకు పెనుకొండ నుంచి వచ్చాడు. కింద ఆఫీసు గది ముందు మూర్తి సారు, ట్రస్టు మనిషి ఒకరు, మా మేడవాళ్ళు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఓబులమ్మ గోడకు ఆనుకుని కంబళి కప్పుకుని కూర్చుంది, మే నెల ఎండలో. నేను మెట్ల మీద, ఆఖరి రెండు మెట్లకు పైన ఉన్నాను.

"రత్నమ్మగారు తెలిసిన రోజే చెప్పారు. నువ్వు జనవరి నుంచీ దాచావు. నేనే విన్నాను. నాదే సార్ ఆ దగ్గు అని నీ నోటితో నువ్వే అన్నావా లేదా?" అన్నారు మూర్తి సారు. కోపంగా కాదు, బాధగానే అన్నారు.

"మాయమ్మ ఒకురికి అంటిచ్చే మనిషి కాదు సార్. ఆయమ్మ యాపొద్దూ ఒకురికి చెడుపు చేసిందే లేదు" అన్నాడు కొడుకు. అతనికి అసలు ఏమి జరిగిందో కూడా తెలియదు.

ఓబులమ్మ తలెత్తి మెట్ల మీదున్న నన్ను చూసింది. చెప్పమని చూడలేదు, చెప్పొద్దని చూడలేదు. ఊరికే చూసింది. నేను దిగాల్సింది రెండు మెట్లు. నా చేయి కమ్మీని పట్టుకుని ఉంది. నా గది, నా గడియ, నా టీ గ్లాసు, అల్లుడి గోడ గడియారం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నేను దిగలేదు.

"ఔను సార్, నేనే అంటి" అంది ఓబులమ్మ.

ఒక రేకు పెట్టె, రెండు సంచులు, ఆ కంబళి. ఆటో ఎక్కేటప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. వారంలో బోర్డు మీద నోటీసు అతికించారు. పేరు రాయలేదు గానీ, 'జబ్బు దాచిన ఒకరి వలన మరొకరికి సోకినందున' అని రాశారు. చదివినవాళ్ళకు పేరు అక్కర్లేదు. అప్పటినుంచి అందరూ నా మీద ప్రేమ ఒలకబోశారు. మూడో అంతస్తు కమలమ్మగారు బత్తాయిలు తెచ్చి, "ఆమె పక్కన కూర్చుని కూర్చుని తెచ్చుకుంటివి గదమ్మా పాపం" అంది. నేను ఆ బత్తాయిలు తిన్నాను. ఇది రాయకుండా వదిలేద్దామని రెండు రోజులు చూశాను.

ఆగస్టులో ఆఖరి మాత్ర మింగాను. పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ "నయమైపోయింది, సంతోషంగా ఉండు" అంది. ఆ కార్డు సంచిలో పెట్టుకుని మరుసటి వారం పెనుకొండ బస్సెక్కాను. కొండ కింది వీధుల్లో వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ పోయి ఆ ఇల్లు పట్టుకున్నాను. ఓబులమ్మ లోపల లేదు. ఇంటి ముందు రేకుల నీడలో నులకమంచం మీద కూర్చుని ఉంది, నాలుగు వైపులా గాలి ఆడే చోట. మనిషి సగమైంది. నన్ను చూసి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"దూరంగా కూసో అక్కా. నీకు మళ్ళా వస్తాదేమో" అంది.

అప్పుడు ఏడ్చాను. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. డిసెంబరులోనే నెత్తురు పడిందని, తెలిసే కిటికీ మూశానని, తెలిసే మెట్ల మీద నిలబడ్డానని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"దగ్గు నీదని నాకు తెల్దా ఏంది? నెత్తురు సంగతి తెల్దు" అంది. "తెలిసుంటే కిటికీ తెరిసేదాన్ని. నిన్ను ఇడిసి పోయేదాన్ని గాదులే. కిటికీ మాత్రం తెరిసేదాన్ని."

"నా గది నీకు రాసిస్తా ఓబులమ్మా. మూర్తి సారు కాళ్ళు పట్టుకుంటా. నేను పద్మ దగ్గరికి పోతా. నువ్వొచ్చి ఉండు" అన్నాను.

"నీ గది నాకేంటికక్కా?" అంది. విసురుగా కాదు. అలసిపోయినట్టుగా అంది. "నా గది నాకు గావాల. అదెట్లా రాదు, ఎవురో చేరినారంట గదా. ఈడ మా మనవరాలు ఇస్కూల్లో చెప్పుకుంటాండాది, మాయవ్వ జబ్బు దాచిపెట్టి అందరికీ అంటిచ్చిందంట అని. కొడుకు అడగడు. కోడలు అడగదు. మనసులో అనుకుంటానే ఉండారు. నువ్వు నాకేమన్నా చేయాలంటే అదొక్కటి చెప్పు. ఆడ చెప్పు, అందురి ముందర."

కోడలు టీ తెచ్చింది. నాకు స్టీలు గ్లాసులో, ఆమెకు విడిగా పెట్టిన గ్లాసులో. ఓబులమ్మ టీలో చక్కెర లేదు. నాకు బస్సుకు టైమైందని తనే లేపి పంపించింది. మళ్ళీ రమ్మనలేదు.

ఇది ఇంకెవరైనా చదివితే ఒక్కటే చెబుతాను. రెండు వారాలు దాటిన దగ్గును దాచకండి. జబ్బుకు మందుంది, సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. ఆరు నెలల్లో నా ఊపిరితిత్తులు బాగయ్యాయి. మిగతాదానికి డాక్టరమ్మ దగ్గర ఏమీ లేదు. పద్నాలుగో నంబరులో ఇప్పుడు బస్సు డ్రైవరుగా రిటైరైన ఒక పెద్దాయన ఉంటున్నాడు, తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. కొట్టాయన మళ్ళీ చీరలు పంపుతానన్నాడు. వద్దన్నాను. నా కిటికీ తెరిచే ఉంటోంది, దానితో ఆ పని సాగదు.

నా పెట్టె సర్దుకునే ఉంది. పద్మకు ఫోన్ చేసి చెప్పాను, చాప మళ్ళీ పరచాల్సి రావచ్చని. "రా మా" అంది. ట్రస్టువాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. ఏమన్నా సరే. ఒక్క కోరిక, కింది అర పేజీని బోర్డు మీద, పాత నోటీసు అతికించిన చోటే అతికించాలి. ఒక నకలు పెనుకొండకు నేనే తీసుకుపోయి వాళ్ళింట్లో చదివి వినిపిస్తాను, మనవరాలు బడి నుంచి వచ్చాక.

మూర్తి సారుకు,

మన అపార్ట్‌మెంటులో జబ్బు దాచింది పద్నాలుగో నంబరు ఓబులమ్మ కాదు. ఆమె అప్పటికి ఆరోగ్యంగా ఉంది. నాకు జబ్బు ఉందని డిసెంబరులోనే నాకు తెలుసు. గది పోతుందని దాచాను. ఆమెను నా గదిలో కిటికీ మూసి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నా వల్లనే ఆమెకు సోకింది. మే నెలలో మీరు ఆమెను అడిగినప్పుడు నేను మెట్ల మీద ఉన్నాను, చెప్పలేదు. ఆమె నన్ను కాపాడటానికి అబద్ధం ఆడింది. జనవరిలో మీరు పదమూడో నంబరు తలుపు ముందు నిలబడి విన్న ఆ దగ్గు నాది.